సోఫిస్టికేటెడ్ గారి పూర్వాశ్రమం

రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఏ వైన్ వర్తకుడి కొట్టుకో వెళ్లి "మీ సరుకు చాలా సోఫిస్టికేటెడ్‌గా ఉందండీ" అంటే, ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ బల్ల దాటి మీదికొచ్చేవాడు. లేదా లాయరు దగ్గరికి నడిచేవాడు. సరుకు గురించి వాడితే ఆ మాటకి అప్పట్లో అర్థం కల్తీ అని. ఇవాళ అదే మాట అదే వైన్ గురించి అని చూడండి, రుచి తెలిసిన మనిషి దొరికాడని మురిసిపోయి ఇంకో గ్లాసు పోస్తారు.

మనకి ఈ మాట ఎక్కువగా వినబడేది పెళ్లిసంబంధాల దగ్గర. "చాలా సోఫిస్టికేటెడ్ ఫ్యామిలీ అండీ" అంటాడు మధ్యవర్తి, గొంతు కాస్త తగ్గించి. ఆ తగ్గించడంలోనే సగం అర్థం ఉంది. మిగతా సగం మనం పూరించుకోవాలి. ఆ ఇంట్లో ఎవరూ అరిచి మాట్లాడరు. కాఫీ స్టీలు గ్లాసులో రాదు, సాసరుతో సహా వస్తుంది. దోసెని ఫోర్కుతో తింటారు. కట్నం మాట ఎవరూ ఎత్తరు గానీ, మీ ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో అరగంట కబుర్లలో రాబట్టేస్తారు. నాజూకు, మర్యాద, నాగరికం, లౌక్యం అన్నీ కలిపి చెప్పే పని ఆ ఒక్క ఇంగ్లీషు మాటకి అప్పగించాం. పిల్లనిచ్చే ముందు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ తవ్వితీసే జాతి, ఈ మాటని ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

ఆ వాకబు ఇప్పుడు చేద్దాం. మొదలుపెట్టడానికి మంచి చోటు 1820లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం. రాసినాయన ఫ్రెడరిక్ ఆకుమ్. జర్మనీ నుంచి 1793లో లండన్ వచ్చి స్థిరపడ్డ రసాయనవేత్త. బొగ్గు గ్యాసుతో దీపాలు వెలిగించడాన్ని జనంలోకి తెచ్చిన తొలితరం వాళ్లలో ఒకడు. ఆయన పుస్తకం ఆహారపదార్థాల కల్తీ గురించీ, వంటింటి విషాల గురించీ. దాని పూర్తి పేరు ఓ పేరాగ్రాఫంత ఉంటుంది. రొట్టె, బీరు, వైన్, టీ, కాఫీ, మీగడ, వెనిగర్, ఆవాలు, మిరియాలు, చీజ్, ఆలివ్ నూనె, ఊరగాయలు అని వరసపెట్టి, వీటన్నిటిలోనూ జరుగుతున్న మోసపు 'సోఫిస్టికేషన్ల' గుట్టు విప్పుతానని ఆ పేరులోనే ప్రకటించాడు. మొదటిసారి వేసిన వెయ్యి ప్రతులూ నెల తిరక్కుండా చెల్లిపోయాయి.

చెల్లవా మరి. అందులో ఉన్నవి చదువుతుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. చీజ్‌కి మంచి రంగు తెప్పించే సరుకులో సీసపు సింధూరం కలిసేది. ఊరగాయలు పచ్చగా నిగనిగలాడాలంటే రాగి నాణేలు వేసి ఉడికించమని అప్పటి వంటల పుస్తకాలే సలహా ఇచ్చేవి. ఆవకాయ జాతికి చెందిన నాకు మాత్రం అన్నిటికన్నా అబ్బురం అనిపించింది మిరియాల తయారీ. నూనె పిండేసిన అవిసె గింజల పిప్పి, మామూలు బంకమట్టి, కాస్త మిరపకారం కలిపి ముద్ద చేసేవాళ్లు. దాన్ని జల్లెడ గుండా ఒత్తి, ఆ పలుకుల్ని పీపాలో వేసి దొర్లిస్తే గుండ్రటి మిరియాలు. గుర్తుపట్టే కిటుకు కూడా ఆకుమే చెప్పాడు: గుప్పెడు నీళ్లలో వెయ్యండి, దొంగ మిరియాలు కరిగి పొడిపొడి అవుతాయి. ఇక బీరు. నీళ్లు కలిపి పల్చబడ్డ బీరుకి మత్తు తెప్పించడానికి వేసినవాటిలో ఒకటి మన దేశం నుంచే ఓడల్లో వెళ్లేది, కాకమారి గింజ. ఇక్కడ చెరువులో చేపలకి మత్తెక్కించి పట్టుకోవడానికి వాడే గింజ అక్కడ కూలీల బీరులో తేలింది. వీటన్నిటికీ కలిపి ఇంగ్లీషులో ఉన్న పేరే సోఫిస్టికేషన్.

ఆకుమ్ మరో సాహసం కూడా చేశాడు. కల్తీ కేసుల్లో శిక్ష పడ్డ వ్యాపారుల పేర్లు పుస్తకంలో అచ్చేశాడు. ఊళ్లో శత్రువులు తయారయ్యారు. అయితే ఆయన్ని కూల్చింది వాళ్లు కాదు. ఆ ఏడాది చివర్లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ లైబ్రరీలో పుస్తకాల నుంచి పేజీలు చించుకుంటున్నాడని పట్టుబడ్డాడు. పరువు పోయింది. కేసు నడుస్తుండగానే 1821లో లండన్ వదిలి జర్మనీ వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

పేజీల మాట వచ్చింది గనక ఇదీ చెప్పాలి. పాత పుస్తకాల వ్యాపారంలో ఈ మాటకి ఆ పూర్వపు అర్థం ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది. నాలుగు వందల ఏళ్ల నాటి పుస్తకంలో కొన్ని పేజీలు పోతే, అదే పుస్తకం మరో చిరిగిన ప్రతిలోంచి ఆ పేజీలు తీసి ఇందులో కుట్టి, పైన కొత్త తోలు అట్ట వేసి, మొదటినుంచీ ఇలాగే ఉన్నట్టు నిలబెడతారు. ఆ ప్రతిని వాళ్లు 'సోఫిస్టికేటెడ్ కాపీ' అంటారు. వేలంపాట కేటలాగులో ఆ మాట కనబడిందంటే కొనేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. షేక్‌స్పియర్ నాటకాల మొదటి సంపుటం 1623లో వచ్చింది. వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీ ఒక్కదానిలోనే 82 ప్రతులు ఉన్నాయి. ఆ సంపుటానికి ఇవాళ మిగిలిన ప్రతుల్లో చాలావాటికి ఇలా పేజీలు అటూ ఇటూ మారి ప్రాణం పోసుకున్న చరిత్రే ఉంది.

ఆ సంపుటంలోనే ఉన్న 'కింగ్ లియర్'లో ఈ మాట ఒక ముఖ్యమైన చోట వస్తుంది. కూతుళ్లు గెంటేశాక ముసలి రాజు తుపానులో బయటపడతాడు. వెంట నమ్మినబంటు కెంట్, విదూషకుడు. అక్కడ ఒంటిమీద గుడ్డ లేకుండా ఒక పిచ్చివాడు కనబడతాడు. లియర్ వాణ్ణి తేరిపార చూసి, మనం ముగ్గురం సోఫిస్టికేటెడ్, వీడొక్కడే అసలు మనిషి అన్న ధోరణిలో మాట్లాడి తన బట్టలు కూడా చింపుకోబోతాడు. బట్ట, హోదా, మర్యాద అన్నీ మనిషిలో కలిసిన కల్తీయే అని ఆయన బాధ. అయితే చూసేవాళ్లకి తెలిసిన సంగతి ఒకటి ఆయనకి తెలీదు. ఆ పిచ్చివాడు పిచ్చివాడు కాదు, ఎడ్గర్ అనే జమీందారు కొడుకు. ప్రాణభయంతో వేషం కట్టాడు. అక్కడున్న నలుగురిలో నికార్సయిన మనిషని లియర్ ఎంచినవాడే వేషగాడు. ఇంత గడుసుగా ఈ మాటని వాడినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే గ్రీసు. క్రీస్తుకి పూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్స్‌కి ఊరూరా తిరిగే గురువులు కొందరు వచ్చేవాళ్లు. వాళ్ల పేరు సోఫిస్టులు, అంటే విద్వాంసులు. పేరులో ఏ దోషమూ లేదు. ఏథెన్స్‌లో పౌరుడు కోర్టులో తన కేసు తనే వాదించుకోవాలి, సభలో తనే లేచి మాట్లాడాలి. మాట చేతకాకపోతే ఆస్తి పోతుంది, ఒక్కోసారి తలే పోతుంది. అలాంటి ఊళ్లో మాట నేర్పేవాడికి గిరాకీ లేకుండా ఎలా ఉంటుంది? వాళ్లు ఫీజు పుచ్చుకున్నారు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ప్రొడికస్ అనే ఆయన మాటల సరైన అర్థాల మీద పాఠం చెప్పేవాడు. అందులో రెండు రకాలు: యాభై డ్రాక్మాల పాఠం, ఒక డ్రాక్మా పాఠం. ఒక డ్రాక్మా అంటే ఆ రోజుల్లో పనితనమున్న మేస్త్రీకి ఒక రోజు కూలి. తాను ఒక డ్రాక్మా పాఠమే విన్నాననీ, యాభైది విని ఉంటే మాటల మర్మమంతా తెలిసిపోయి ఉండేదనీ సోక్రటీస్ చేత చమత్కారం చేయించాడు ప్లేటో. కోచింగ్ సెంటర్ల కాలంలో పుట్టిన మనకి ఆ చమత్కారం విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రొటాగొరస్ పద్ధతి ఇంకా ముచ్చటగా ఉండేది. ఫీజు ఎక్కువని శిష్యుడికి అనిపిస్తే గుడికి వెళ్లి, నేర్చుకున్న చదువు ఎంత విలువ చేస్తుందో దేవుడి ముందు ప్రమాణం చేసి, అంతే ఇవ్వొచ్చు. మన కార్పొరేట్ కాలేజీల్లో ఈ పద్ధతి పెడితే గుళ్ల ముందు క్యూలు కట్టాలి. గోర్జియస్ అయితే ట్రాయ్ యుద్ధానికి కారణమని లోకమంతా తిట్టిపోసిన హెలెన్ తరఫున వకాల్తా పుచ్చుకుని, ఆవిడ తప్పు ఏమీ లేదని వాదించి, చివర్లో ఇది నాకో ఆట అనేశాడు.

ఎంత బలహీనమైన వాదాన్నయినా గెలిపించగలరన్న పేరు వాళ్లకి వచ్చింది. క్రీ.పూ. 423లో అరిస్టోఫనీస్ రాసిన 'మేఘాలు' నాటకంలో ఓ అప్పులపాలైన తండ్రి, బాకీలు ఎగ్గొట్టే వాదన నేర్చుకు రమ్మని కొడుకుని అలాంటి బడిలో వేస్తాడు. కొడుకు నేర్చుకు వచ్చి తండ్రిని కొట్టి, కొట్టడం న్యాయమేనని రుజువు చేస్తాడు. తర్వాత అరిస్టాటిల్ ఇంకో మాట అన్నాడు. కొన్ని లోహాలు చూడటానికి వెండిలా, కొన్ని బంగారంలా ఉంటాయి, నిజానికి కావు. వాదనల్లోనూ అంతే, పైకి సవ్యంగా కనిపించి లోపల ఉత్తవి ఉంటాయి. లేని జ్ఞానాన్ని ఉన్నట్టు చూపి డబ్బు చేసుకునేవాడే సోఫిస్టు. తగరం చూపి వెండి అనే బజారు మోసానికీ, తర్కంలో మోసానికీ ఆయన అక్కడ ముడివేశాడు. మధ్యయుగపు లాటిన్ వాళ్లు ఆ ముడి పట్టుకుని సరుకు కల్తీ చెయ్యడాన్ని కూడా 'సోఫిస్టికారె' అన్నారు. 1400 ప్రాంతంలో అది ఇంగ్లీషులోకి దిగింది.

ఇక్కడ నా పక్షం చెప్పేస్తాను. సోఫిస్టులకి అన్యాయం జరిగింది. వాళ్ల రాతలు చాలామటుకు పోయాయి. వాళ్ల గురించి మనకి తెలిసింది ముఖ్యంగా వాళ్లంటే గిట్టనివాళ్లు రాసింది. ప్లేటోకి తాత ముత్తాతల ఆస్తి ఉంది, చదువు అమ్ముకోవలసిన అవసరం లేదు. జీతం తీసుకుని పాఠం చెప్పేవాడంటే ఉన్నవాడికి ఉండే చిన్నచూపు ఆ విమర్శలో కొంత కలిసింది. మన న్యాయశాస్త్రం ఈ విషయంలో ఇంకొంచెం ఉదారంగా ఉంది. వాద, జల్ప, వితండాలని మాటల పోరుని మూడుగా విడదీసి, పైకి హేతువులా కనబడి కానిదానికి హేత్వాభాసమని పేరు పెట్టింది. అలాగని వితండాన్ని వెలివెయ్యలేదు. మొలకెత్తే విత్తుకి ముళ్లకంప అడ్డం పెట్టినట్టు, నిజాన్ని కాపాడుకోవడానికి దాన్నీ వాడుకోవచ్చన్నాడు న్యాయసూత్రాలు రాసిన గౌతముడు. వాదనలో నేర్పు దానంతట అది పాపం కాదని ఆయనకి తెలుసు.

అమెరికాలో చదివే మన పిల్లలు డిగ్రీ రెండో ఏడాదిలో 'సోఫోమోర్లు' అవుతారు. ఆ మాట కూడా ఈ వంశంలోదే. ఒకప్పుడు విద్యార్థులకి తర్కవాదన ఒక కసరత్తు, ఆ కసరత్తు చేసేవాడికి ఆ పేరు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో మూడు, నాలుగో ఏడాది వాళ్లని ఇప్పటికీ 'సోఫిస్టర్' అనే పిలుస్తారు. కల్తీ వాసన సోకని శాఖ ఇది ఒక్కటే.

మరి ఇంతటి తిట్టు పొగడ్త ఎలా అయింది? పందొమ్మిదో శతాబ్దం చాలావరకు 'అన్‌సోఫిస్టికేటెడ్' అన్నదే మెచ్చుకోలు. పల్లెటూరి పిల్ల, కపటం లేని మనసు, పట్నం గాలి సోకని బుగ్గలు. తాత్త్వికుడు రూసో తర్వాత యూరప్ అంతా ఈ మోజులో మునిగింది. అమాయకత్వం ఆడపిల్లకి కట్నం కన్నా పెద్ద ఆస్తి. ఆ శతాబ్దం చివర్లో, 1890ల్లో, గాలి మళ్లింది. లోకం తెలిసిన మనిషి, అభిరుచి ఉన్న మనిషి అన్న అర్థంలో ఈ మాట కనబడటం మొదలైంది. ఈ మలుపు గురించి నాకో ఊహ ఉంది. 1860లో బ్రిటన్‌లో ఆహార కల్తీ మీద చట్టం వచ్చినప్పుడు అందులో 'అడల్టరేషన్' అనే మాట వాడారు. కొట్లో కల్తీకి చట్టం ఆ పేరు ఖాయం చేసేసరికి సోఫిస్టికేషన్‌కి బజారులో పని తగ్గింది. బజారు వదిలి డ్రాయింగ్ రూముకి చేరింది.

కారణం అది ఒక్కటే అనను. పట్నాలు పెరిగాయి. ఆడవాళ్లు చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, ఒంటరిగా ప్రయాణాలు చేశారు. అలాంటి లోకంలో ఏమీ తెలియకపోవడం అందం కాదు, గండం. నల్లజాతి జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1932లో 'సోఫిస్టికేటెడ్ లేడీ' అనే బాణీ కట్టాడు. దానికి ప్రేరణ తన చిన్నప్పటి బడిలో పాఠాలు చెప్పిన ముగ్గురు టీచరమ్మలని ఆయనే చెప్పాడు. చలికాలమంతా పాఠాలు చెప్పి, వేసవికి యూరప్ తిరిగొచ్చేవాళ్లట. నల్లజాతి పిల్లల బడిలో టీచర్లు, సొంత సంపాదనతో సముద్రాలు దాటిన ఆడవాళ్లు. తర్వాత మిచెల్ పారిష్ దానికి మాటలు రాశాడు. ఆ పాటలో ఉన్నది ప్రేమ చెడి, సిగరెట్ పొగలో నవ్వుతూ లోలోపల కుమిలే విలాసిని. ఆ మాటలు బాగున్నాయి గానీ నా ఊహకి పూర్తిగా అతకలేదని ఎల్లింగ్టన్ మర్యాదగా అన్నాడు. లోకం చూసిన ఆడది అనగానే ఒకాయనకి టీచరమ్మ గుర్తొచ్చింది, ఇంకొకాయనకి భగ్నప్రేమిక. కల్తీ అన్న అనుమానం మాటలోంచి అంత తేలిగ్గా వదల్లేదన్నమాట.

ఇప్పటిదాకా చూసినవన్నీ కలిపితే నాకు కనబడేది ఇది. ఈ మాట ఎప్పుడు వాడినా అక్కడ ఇద్దరు మనుషులుంటారు. ఒకరికి గుట్టు తెలుసు, ఇంకొకరికి తెలీదు. మిరియాల్లో మట్టి ఉందని అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. వాదనలో డొల్ల ఎక్కడుందో సోఫిస్టుకి తెలుసు, జ్యూరీకి తెలీదు. మోసపోయినవాడి నోట ఈ మాట తిట్టుగా పుట్టింది. మోసపోని మనిషిని చూసి ముచ్చటపడ్డవాడి నోట పొగడ్త అయింది. మోసపు సరుకు నుంచి మోసం పసిగట్టే మనిషికి బదిలీ అయిందంతే, తెలివి అనే సరుకు మాత్రం అదే.

తెలుగులో దీనికి ఎదురు దిక్కున ఇలాంటి ప్రయాణమే చేసిన మాట ఉంది. అమాయకుడు అంటే మాయ చెయ్యనివాడు. వాడుకలో మాయలో పడేవాడు అయ్యాడు. ఎదుటివాణ్ణి మోసం చెయ్యనివాడికీ ఎదుటివాడి చేతిలో మోసపోయేవాడికీ తేడా చెరిపేశాం.

ఆ తేడా ఎరిగి రాసినవాడు గురజాడ. 'కన్యాశుల్కం' విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఇంగ్లీషులో ఈ మాట అర్థం మారుతున్న ఆ పదేళ్లలోనే మనకి గిరీశం పుట్టాడు. గిరీశం పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ కూడా సోఫిస్టికేటెడ్. చేతిలో చుట్ట, నోట్లో ఇంగ్లీషు, వెనక అప్పులు. వెంకటేశానికి చదువు చెప్పే గురువుగా అగ్రహారానికి బయల్దేరతాడు. బాల్యవివాహాలు తప్పంటావా, అవి లేకపోతే బాలవితంతువులు ఎక్కణ్ణుంచి వస్తారు, వాళ్లు లేకపోతే వితంతు వివాహాలెలా జరుగుతాయి, అవి జరక్కపోతే నాగరికత ఏం కావాలి అన్న తరహాలో నడుస్తుంది అతని తర్కం. గోర్జియస్ వింటే లేచి కౌగిలించుకునేవాడు. మనం వందేళ్లుగా గిరీశాన్ని తిడుతూనే ప్రేమిస్తున్నాం. అది మన బలహీనత అని కొందరు విమర్శకులు బాధపడతారు, నేను పడను. గుట్టు తెలిసినవాడి పక్కన నిలబడి చూడటంలో ఓ సుఖం ఉంది. ఆ సుఖమే ఈ మాటని తిట్టు నుంచి తప్పించింది.

మన పత్రికల్లో ఇంకో జంటమాట ఉంది, 'అమాయక గిరిజనులు'. తెల్లదొరల నివేదికల్లోని 'అన్‌సోఫిస్టికేటెడ్' కొండజనం దీనికి తోబుట్టువే. తూర్పు కనుమల్లో ఏ దుంప తినొచ్చో, ఏ దుంపని ఎన్నిసార్లు ఉడికించి ఎంతసేపు పారే నీళ్లలో ఉంచితే విషం దిగిపోతుందో తెలిసినవాళ్లు వాళ్లు. ఆ దుంప చేతికిస్తే అమాయకులం నేనూ, వార్త రాసే విలేఖరీ. అదే మనిషి కొండ దిగి సావుకారు ముందు నోటు మీద వేలిముద్ర వేసేటప్పుడు పాత్రలు తారుమారవుతాయి. తెలియనితనం మనిషి గుణం కాదు, అతను నిలబడ్డ చోటుని బట్టి ఉంటుంది. అందుకే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ మీదా వడ్డీ మీదా చట్టం తెచ్చింది. ఆ దారిలోనే 1970లో మనం ఒకటి బై డెబ్భై అని పిలుచుకునే నిబంధన వచ్చింది. కాగితం తెలిసినవాడి నుంచి తెలియనివాడికి కాపలా ఇది. అమలెలా ఉందన్నది వేరే వ్యాసం.

యంత్రాల సంగతి త్వరగా దాటేస్తాను. 1945 ప్రాంతం నుంచి ఆయుధాలకీ పరికరాలకీ ఈ విశేషణం అంటుకుంది. మన పేపర్లలో అది 'అధునాతన' అయింది. ఆ వాడుకతో నాకు పేచీ లేదు. కంపెనీ కంప్యూటర్లలోకి ఎవడో చొరబడ్డ ప్రతిసారీ యాజమాన్యం 'చాలా సోఫిస్టికేటెడ్ దాడి' అంటుంది చూడండి, దాంతోనే పేచీ. దొంగ ఎంత ఘనుడైతే తాళం వెయ్యని కాపలావాడి తప్పు అంత చిన్నదవుతుందని వాళ్ల లెక్క.

అసలు నన్ను ఈ మాట వెంట పడేలా చేసింది చట్టాలు. ఆస్ట్రేలియాలో కంపెనీల చట్టంలో 'సోఫిస్టికేటెడ్ ఇన్వెస్టర్' అని ఒక వర్గం ఉంది. నికర ఆస్తి 25 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఉండాలి, లేదా గడిచిన రెండేళ్లూ ఏడాదికి 2.5 లక్షల డాలర్ల ఆదాయం ఉండాలి. ఆ సంగతి ఓ అకౌంటెంటు సర్టిఫికెట్ మీద రాసి సంతకం పెడితే చాలు, మీరు సోఫిస్టికేటెడ్. పరీక్ష లేదు, షేరు అంటే ఏమిటని ఒక్క ప్రశ్న లేదు. ఉంటున్న ఇల్లు కూడా ఆస్తి లెక్కలోకి వస్తుంది. ఇరవై ఏళ్ల కిందట సిడ్నీలో మామూలు ఇల్లు కొనుక్కుని అప్పు తీర్చేసిన తెలుగాయన, ఆ ఇంటి ధర పుణ్యమా అని ఓ ఉదయం లేచేసరికి సోఫిస్టికేటెడ్ అయిపోవచ్చు. బాగానే ఉంది, బిరుదే కదా అనుకోవచ్చు. కానీ ఆ బిరుదుతో పాటు ఒకటి పోతుంది. మామూలు మదుపరికి షేర్లు అమ్మాలంటే కంపెనీ తన మంచిచెడ్డలన్నీ విప్పి చెప్పే వెల్లడి పత్రం ఇవ్వాలి. సోఫిస్టికేటెడ్ మదుపరికి ఇవ్వక్కర్లేదు. అన్నీ తెలిసినవాడివి గదా, నీకెందుకు చెప్పాలని చట్టం ఉద్దేశం.

కాలిఫోర్నియాలో ఈ సంగతి ఇంకా కరుగ్గా తేలింది. అక్కడో ఏసీ మెకానిక్. పెద్ద పెద్ద ఏసీలు బిగించి, బాగుచేసే పని. అప్పటి ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాసు మంట తగిలితే విచ్ఛిన్నమై ఫాస్జీన్ అవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల్ని చంపడానికి వదిలిన విషవాయువు అదే. పైపులకి మంటపెట్టి అతుకు వేసేటప్పుడు లోపల మిగిలిన గ్యాసు అలా మారి తన ఊపిరితిత్తుల్ని పాడుచేసిందనీ, తయారీ కంపెనీ తనని హెచ్చరించలేదనీ అతను దావా వేశాడు. 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ ప్రమాదం ఆ వృత్తిలో శిక్షణ పొందినవాళ్లందరికీ తెలిసి ఉండవలసిందే, ఇతను 'సోఫిస్టికేటెడ్ యూజర్', కంపెనీ విడిగా హెచ్చరించవలసిన బాధ్యత లేదు అని. అతను ఓడిపోయాడు.

ఆ తీర్పు న్యాయమా కాదా అని నా మనసు ఇంకా ఊగుతూనే ఉంది. మాట వాడకం మటుకు సరైనదనే అంటాను. చేతికి మసి అంటుకుని, డాబా మీద ఎండలో మంట పట్టుకుని కూర్చున్న మెకానిక్‌ని ఆ కోర్టు సోఫిస్టికేటెడ్ అంది. సాసర్లు, ఫోర్కులు, గొంతు తగ్గించడాలు ఆ దరిదాపుల్లో లేవు. చేతిలో ఉన్న వస్తువు ఏం చెయ్యగలదో తెలిసినవాడు అని, అంతే. ఈ మాటకి నేను చూసిన అర్థాలన్నిటిలో గట్టిది ఇదే. నాజూకు అనే అర్థం అన్నిటికన్నా పల్చనిది, ఊరికే పైపూత.

అయితే రెండు దేశాల చట్టాలూ ఒకటే చెబుతున్నాయి: ఈ పొగడ్త దక్కినవాడికి హెచ్చరిక దక్కదు. కాబట్టి ఏ బ్యాంకు కుర్రాడో, ఇన్సూరెన్సు ఏజెంటో, గేటెడ్ కమ్యూనిటీ విల్లా అమ్మే పెద్దమనిషో మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "మీలాంటి సోఫిస్టికేటెడ్ కస్టమర్లకి ఇవన్నీ చెప్పక్కర్లేదు సార్" అన్నాడంటే, సంతకం పెట్టకండి. చెప్పక్కర్లేదన్నవేమిటో అవన్నీ కాగితం మీద రాసివ్వమనండి.